జాజ్ కొత్తగా వినేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో కర్ణాటక సంగీతమో సినిమా పాటలో వింటూ పెరిగి, ఇప్పుడు జాజ్ సంగతేమిటో చూద్దామనుకునేవాళ్ళకి వచ్చే సందేహాలు దాదాపు అవే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట చేర్చాం. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర ఆగితే చాలు. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: చేత్తో ఆది తాళం వేయడం వచ్చినవాళ్ళు ఇందులో చాలా త్వరగా నిలదొక్కుకుంటారు. అందుకే కింద తాళం ఊసు ఎక్కువ.

## మొదలుపెట్టకముందు

జాజ్ అంటే స్టార్ హోటల్ లాబీలో సన్నగా వినిపించేదేనా?

అది జాజ్ పోలికలున్న నేపథ్య సంగీతం. మన మాటలకి అడ్డు రాకూడదనే దాన్ని అలా తయారుచేస్తారు. అసలు జాజ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో రూపుదిద్దుకుంది. బ్లూస్, రాగ్‌టైమ్, చర్చి పాటలు, ఊరేగింపుల్లో వాయించే బ్రాస్ బ్యాండ్లు అన్నీ అందులో కలిశాయి. మొదటి జాజ్ రికార్డు 1917లో వచ్చింది. 1930ల్లో పెద్ద పెద్ద బ్యాండ్లతో డాన్సు సంగీతంగా ఊరేగింది. 1940ల్లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తరం దాన్ని కూర్చుని చెవి పెట్టి వినాల్సిన సంగీతంగా మార్చింది. “చదువుకునేటప్పుడు వినే జాజ్” లాంటి ప్లేలిస్టులతో మాత్రం మొదలుపెట్టకండి. వాటివల్ల చెవికి జాజ్‌ని పట్టించుకోకపోవడమే అలవాటవుతుంది.

పాట లేదు, మాట లేదు. ఇందులో ఏం పట్టుకుని వినాలి?

ముందు వచ్చే రాగవరసని పట్టుకోండి. దాన్ని హెడ్ అంటారు. అందరూ కలిసి హెడ్ వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరు వంతులవారీగా ఆ వరస మీదే మనోధర్మం చూపిస్తారు, అది సోలో. చివర్లో మళ్ళీ అందరూ హెడ్‌కి వస్తారు. కీర్తన పాడి, ఒక పంక్తి దగ్గర నిలబడి కల్పనస్వరాలు వేసి, తిరిగి ఎత్తుగడకి రావడం మనకి కొత్త కాదు. తేడా ఏమిటంటే, జాజ్‌లో సోలో వాయించేవాళ్ళ కింద హెడ్ తాలూకు మొత్తం నిర్మాణం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఒక చుట్టుని కోరస్ అంటారు. కాబట్టి హెడ్‌ని కూనిరాగం తీయగలిగేదాకా సోలో జోలికి పోకండి. సోలో నడుస్తున్నంతసేపూ హెడ్‌ని మనసులో పాడుకోవడమే జాజ్ వినడంలో అసలు పని.

అంతా అప్పటికప్పుడు పుట్టించేదేనా?

చిన్న బృందాల్లో హెడ్, దాని కింది కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) ముందే నిర్ణయమై ఉంటాయి, సోలోలు అప్పటికప్పుడు పుడతాయి. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీల పెద్ద బ్యాండ్లలో చాలా భాగం రాసిపెట్టుకుని వాయించేదే. మధ్యలో సోలోకి చోటు వదులుతారు.

వెస్టర్న్ నొటేషన్ రాదు. ఫరవాలేదా?

ఫరవాలేదు. నాలుగు దాకా లెక్కపెట్టగలిగితే చాలు.

## మొదటి వారం

ముందు ఏది వినాలి? పది పేర్లు వద్దు, ఒక్కటి చెప్పండి.

డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ 1942లో రికార్డు చేసిన “సీ జామ్ బ్లూస్”. మూడు నిమిషాల్లోపే అయిపోతుంది, ఎందుకంటే అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున పట్టేదే అంత. దీని హెడ్‌లో ఉన్నవి రెండే స్వరాలు: ప, పై స. ఒక్కసారి వింటే వచ్చేస్తుంది. ఇది పన్నెండు బార్ల బ్లూస్, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం 48. మన లెక్కలో సరిగ్గా ఆరు ఆది తాళ ఆవర్తనాలు. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి తాళం వేస్తూ ఆరు ఆవర్తనాలు అయ్యేసరికి చుట్టు తిరిగిందో లేదో చూసుకోండి. ఒక్కో వాద్యకారుడు సోలోకి ముందు ఓ నాలుగు బార్లు అదనంగా తీసుకుంటాడు, మిగతావాళ్ళు ఆ కాసేపు ఆగుతారు. అక్కడ లెక్క పోయిందని కంగారుపడొద్దు, ఆ రెండు ఆవర్తనాలు విడిగా లెక్కపెట్టుకోండి. ఇది రెండ్రోజుల్లో చేతికి వస్తే, ఆస్కార్ పీటర్సన్ ముగ్గురితోనే వాయించిన “సీ జామ్ బ్లూస్” పెట్టుకోండి. అవే రెండు స్వరాలు, వేరే ప్రపంచం.

అందరూ “కైండ్ ఆఫ్ బ్లూ” అంటారు. విన్నాం, హాయిగానే ఉంది, కానీ ఏం జరుగుతోందో తెలియలేదు.

మైల్స్ డేవిస్ ఈ ఆల్బమ్‌ని 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు రోజులు కూర్చుని రికార్డు చేశారు. హాయిగా ఉండటమే దీంతో చిక్కు, తెలియకుండానే నేపథ్యంలోకి జారిపోతుంది. కాబట్టి మొదటి ట్రాక్ “సో వాట్” ఒక్కటే తీసుకుని, ఫోన్‌లో టైమ్ కనిపించేలా పెట్టుకుని వినండి.

మొదటి అర నిమిషం పియానో, డబుల్ బేస్ మాత్రమే, అదీ తాళం లేకుండా. ఆలాపన అనుకోండి, చేతులు కట్టుకుని వినండి. 0:34 దగ్గర డబుల్ బేస్ ఒక ప్రశ్న వేస్తుంది, పియానో రెండే రెండు దెబ్బలతో జవాబిస్తుంది. తర్వాతి ఎనిమిది బార్లలో ట్రంపెట్, సాక్సోఫోన్లు కూడా ఆ జవాబులో కలుస్తాయి. ఇక్కడినుంచి ఆది తాళం వేయండి. నాలుగు ఆవర్తనాలు ఒక భాగం, దాదాపు 14 సెకన్లు. అలాంటివి నాలుగు భాగాలు కలిస్తే ఒక చుట్టు.

మొదటి రెండు భాగాలూ రెండు శ్రుతిలో ఖరహరప్రియ స్వరాల మీద నడుస్తాయి. మూడో భాగం రాగానే బృందం మొత్తం రెండున్నర శ్రుతికి ఎక్కుతుంది, అవే స్వరస్థానాలు అర మెట్టు పైన. నాలుగో భాగంలో తిరిగి రెండుకి దిగుతుంది. ఈ ఎక్కడం, దిగడం వినబడిన రోజున “సో వాట్” మీకు తెరుచుకున్నట్టే. మన చెవి ఒకే శ్రుతికి అలవాటుపడింది కనుక దీన్ని మనం నిజానికి ఇంకా బాగా పట్టుకోగలం.

1:30 దగ్గర డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్కటి కొడతాడు. ఆ మోతలోంచే మైల్స్ సోలో మొదలవుతుంది. రెండు చుట్లు. తక్కువ స్వరాలు, ఎక్కువ ఖాళీ. సుమారు 3:25కి జాన్ కోల్ట్రేన్ టెనర్ సాక్సోఫోన్ అందుకుంటాడు, మళ్ళీ రెండు చుట్లు. 5:15 ప్రాంతంలో కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో సాక్సోఫోన్, ఇంకో రెండు. ఏడు నిమిషాలు దాటాక బిల్ ఎవాన్స్ పియానో, ఒక్క చుట్టే. తర్వాత బేస్ తన ప్రశ్నకి తిరిగొస్తుంది. ఒకే కింది నిర్మాణం మీద మైల్స్ ఎంత పొదుపో, కోల్ట్రేన్ ఎంత ఆత్రమో పక్కపక్కన పెట్టి వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక ట్రాక్ ఎన్నిసార్లు వినాలి?

సంఖ్య కంటే, ప్రతిసారీ ఎవరి వెంట పడుతున్నారన్నది ముఖ్యం. ఒకసారి బేస్ వెంట మాత్రమే వెళ్ళండి. బారుకి నాలుగు స్వరాలు నడిచే ఆ వరసని వాకింగ్ బేస్ అంటారు, తాళానికి వెన్నెముక అదే. ఇంకోసారి డ్రమ్స్‌లో పెద్ద సింబల్ ఒక్కటే వినండి. మూడోసారి, వేరేవాళ్ళ సోలో కింద పియానో ఎక్కడెక్కడ మాట కలుపుతోందో చూడండి. ఆ పనిని కాంపింగ్ అంటారు. సోలో వాయించేవాళ్ళని చివరికి వదలండి, వాళ్ళు ఎలాగూ వినబడతారు. రోజుకి ఒక ట్రాక్ చాలు. పూర్తి ఆల్బమ్‌లు వరసగా పెట్టేసుకుంటే మూడో ట్రాక్‌కల్లా చెవి మొద్దుబారుతుంది.

రోజూ విజయవాడనుంచి గుంటూరు బస్సులో వెళ్తాను. ఆ గంట వాడుకోవచ్చా?

కొత్త ట్రాక్‌కి వద్దు. ఇంజను మోత సరిగ్గా డబుల్ బేస్ ఉండే కింది స్థాయిలోనే ఉంటుంది, బేస్‌ని మింగేస్తుంది. బేస్ వినబడకపోతే తాళం దొరకదు, తాళం దొరక్కపోతే మిగతాదంతా గందరగోళం. దాన్ని కప్పేయడానికి సౌండ్ పెంచితే చెవులకి చేటు. ఇంట్లో రెండు మూడుసార్లు విన్న ట్రాక్ అయితే బస్సులో భేషుగ్గా వినొచ్చు, తెలిసిన బేస్‌ని బుర్రే పూరిస్తుంది. మంగళగిరి వచ్చేలోపు “సో వాట్” రెండుసార్లు అయిపోతుంది.

ఎలాంటి ఇయర్‌ఫోన్లు కావాలి?

ఖరీదైనవి అక్కర్లేదు, చెవిలో సరిగ్గా బిగుసుకునే వైరు ఇయర్‌ఫోన్లు చాలు. ఫోన్ స్పీకర్ మాత్రం పనికిరాదు. డబుల్ బేస్ అడుగు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది, అంత కిందికి ఫోన్ స్పీకర్ దిగలేదు. బేస్ బూస్ట్ లాంటి సెట్టింగులు ఆపేయండి, అవి బేస్‌ని ఉబ్బించి స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేస్తాయి. ఒక చెవిది మీరు, ఇంకో చెవిది స్నేహితుడు పంచుకునే అలవాటుంటే జాగ్రత్త. “కైండ్ ఆఫ్ బ్లూ” స్టీరియోలో కోల్ట్రేన్ ఎడమ చెవిలో, ఆడర్లీ కుడి చెవిలో ఉంటారు. ఒక చెవితో వింటే ఎవరో ఒకరు దూరమైపోతారు.

ఇంకొకటి, ఫ్యాను. డ్రమ్మర్ కర్రలకి బదులు బ్రష్‌లతో డోలు మీద రాసే చప్పుడు, అయిదులో తిరిగే సీలింగ్ ఫ్యాను చప్పుడు చెవికి ఒకేలా ఉంటాయి. మే నెలలో మన ఊళ్ళలో ఫ్యాను ఆపమని చెప్పే ధైర్యం మాకు లేదు. తెల్లవారుజామున అయిదింటికి వినండి.

## తాళం, శ్రుతి దగ్గర తడబాటు

ఆది తాళం వేస్తూ వింటుంటే సోలో మధ్యలో తప్పిపోతున్నాను.

ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. బ్లూస్‌లో ఆరు ఆవర్తనాలే ఉంటాయి. మనకి నాలుగు, ఎనిమిది అలవాటు కాబట్టి చెయ్యి ఎనిమిది దాకా పోతుంది. ముప్ఫైరెండు బార్ల ట్రాకుల్లో పదహారు ఆవర్తనాలు, నాలుగేసి చొప్పున నాలుగు భాగాలు. ఇక్కడ రెండో భాగం మొదటిదానిలాగే ఉండటంతో ఏది ఎన్నోదో మరిచిపోతాం. మూడో భాగం వరస వేరుగా ఉంటుంది, దాన్ని గుర్తు పెట్టుకుంటే దారి దొరుకుతుంది. తప్పిపోతే ట్రాక్ వెనక్కి తిప్పకండి. ప్రతి భాగం చివర డ్రమ్మర్ చిన్న మోహరా లాంటిది వేస్తాడు, సోలో చేతులు మారేది కూడా దాదాపు ఎప్పుడూ చుట్టు మొదట్లోనే. ఆ మలుపు కోసం కాచుకుని అక్కడ ఎక్కండి.

వాళ్ళు చప్పట్లు తప్పు దెబ్బ మీద వేస్తారేంటి?

మనం ఒకటో దెబ్బకి బరువిస్తాం. జాజ్‌లో బరువు రెండు, నాలుగు మీద. డ్రమ్మర్ ఎడమ కాలితో మూసే జోడు తాళాలు, అంటే హై-హ్యాట్, “చక్” మనేది అక్కడే. అలవాటు కావాలంటే ఒకటి, మూడుకి కాలు తాటించి, రెండు, నాలుగుకి చిటిక వేయండి. మొదట్లో పది బార్లు తిరిగేసరికి చిటిక ఒకటి మీదకి జారుతుంది. జారినప్పుడు బేస్ వినకుండా హై-హ్యాట్ ఒక్కటే వినండి, సర్దుకుంటుంది.

స్వింగ్ అంటే ఏమిటి? ఎవరూ తిన్నగా చెప్పరు.

ఒక దెబ్బలో రెండు స్వరాలు వాయించాలంటే మనం సమానంగా విరుస్తాం. స్వింగ్‌లో మొదటిది పొడుగు, రెండోది పొట్టి. “తకిట” అనండి. “తకి” అంతా ఒక స్వరం, “ట” రెండో స్వరం. మధ్యస్థ వేగంలో స్వింగ్ దాదాపు ఇదే కొలత. వేగం పెరిగేకొద్దీ ఆ రెండూ సమానానికి దగ్గరవుతాయి. సింబల్ మీద “టింగ్, టింగ్-క టింగ్, టింగ్-క” అని వినిపించేది ఈ నడకే. కొలత తెలిసినంత మాత్రాన స్వింగ్ రాదు, ఆ పొట్టి స్వరాన్ని ఎంత ఆలస్యంగా, ఎంత ఊనికతో వేస్తారన్నది ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

తంబూరా లేదు, శ్రుతి జారిపోతున్నట్టుంది. ఇబ్బందిగా ఉంది.

జారడం కాదు, కావాలనే కదిలిస్తున్నారు. ఇంట్లో హార్మోనియమో కీబోర్డో ఉంటే చేసి చూడండి. ఒకటి శ్రుతికి స పెట్టుకుంటే అన్నీ తెల్ల మెట్లే. ముందు రి, మ, ద, పై స ఒకేసారి నొక్కండి. తర్వాత ప, ని, రి, మ. చివరికి స, గ, ప. ఇలా ఒకేసారి పలికే స్వరాల గుత్తే కార్డు. రెండో గుత్తి దగ్గర చెయ్యి ఆపి చూడండి: ని పైకి స కోసం, మ కిందికి గ కోసం గుంజుతుంటాయి. మూడోదానికి రాగానే ఆ గుంజుడు తీరుతుంది. జాజ్‌లో సగం కథ ఈ మూడు గుత్తుల వరసే, వేర్వేరు శ్రుతుల్లో తిరుగుతూ. మనకి రాగంలో స్వరానికి విలువ షడ్జమంతో తేలుతుంది. ఇక్కడ అదే స్వరం విలువ కింద ఏ కార్డు ఉందన్నదాన్ని బట్టి బారుబారుకీ మారుతుంది.

తంబూరా యాప్‌తో “సో వాట్” శ్రుతి చూస్తే కాస్త ఎక్కువగా వస్తోంది. నా చెవి తప్పా?

చెవి తప్పు కాదు. మార్చి రికార్డింగులో టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది, అందుకే వాయించినప్పుడు మొదటి మూడు ట్రాకులూ కాస్త పై శ్రుతిలో పలికాయి. 1992లో సరిచేసి మళ్ళీ విడుదల చేశారు. పాత రికార్డులనుంచి ఎక్కించిన వీడియోల్లో ఆ తేడా ఇంకా ఉంటుంది.

“టేక్ ఫైవ్” ఖండచాపేనా?

అయిదు దెబ్బలే, కానీ విరుపు తిరగబడింది. ఖండచాపు రెండు, మూడు. “టేక్ ఫైవ్” మూడు, రెండు. ఖండచాపు వేస్తూ వింటే ప్రతి ఆవర్తనం మధ్యలో చెయ్యి ఎదురు తగులుతుంది. “తకిట తక” అనుకుంటూ పియానో వెంట వెళ్ళండి, పాట పొడుగునా అది మారదు. డేవ్ బ్రూబెక్ బృందం 1959 ఆల్బమ్ “టైమ్ ఔట్” లోది ఇది, వరస కట్టింది మాత్రం ఆల్టో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అదే ఆల్బమ్‌లోని “బ్లూ రోండో” తొమ్మిది దెబ్బలు: తక తక తక తకిట. మృదంగం తెలిసినవాళ్ళు దీంతోనే జాజ్‌లో పడిపోతుంటారు.

## కాస్త అలవాటయ్యాక

కోల్ట్రేన్ వింటే తలనొప్పి వస్తోంది.

ఏ సంవత్సరంది విన్నారో చూసుకోండి. 1965నుంచి ఆయన సంగీతం చాలా తీవ్రంగా ఉంటుంది, మొదట్లో అక్కడికి వెళ్ళకూడదు. 1960లో రికార్డు చేసిన “మై ఫేవరెట్ థింగ్స్” తో మొదలుపెట్టండి. మూడు దెబ్బల నడక, సోప్రానో సాక్సోఫోన్, కింద పియానో చాలాసేపు ఒకే చోట నిలబడి ఉంటుంది. అందువల్ల శ్రుతి ఆధారానికి అలవాటుపడ్డ చెవికి ఊరట. పదమూడు నిమిషాలకి పైనే ఉంటుంది, అయినా పొడుగనిపించదు. కోల్ట్రేన్‌కి హిందుస్తానీ సంగీతమంటే గురి. రవిశంకర్ మీది గౌరవంతోనే కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు.

చార్లీ పార్కర్ స్వరాలు లెక్కపెట్టే లోపే అయిపోతున్నాయి.

1945 నాటి “కో కో” లాంటివి నిమిషానికి 300 దెబ్బల దరిదాపుల్లో నడుస్తాయి. వీడియో వేగాన్ని 0.75కి తగ్గించండి, శ్రుతి మారదు. తాళాన్ని కూడా రెండు దెబ్బలకొకటిగా వేయండి. నాలుగైదుసార్లు అలా విన్నాక మామూలు వేగానికి రండి.

ఒకే పాటకి ఇరవై రికార్డింగులున్నాయి. ఒరిజినల్ ఏది?

ఆ ప్రశ్నకి ఇక్కడ పెద్ద విలువ లేదు. అందరూ వాయించే ఉమ్మడి వరసల్ని స్టాండర్డ్స్ అంటారు, చాలావరకు పాత నాటకాల పాటలు, సినిమా పాటలు. “ఆటమ్ లీవ్స్” ఫ్రెంచి పాట. దాన్ని ఆడర్లీ 1958లో మైల్స్‌తో, బిల్ ఎవాన్స్ 1959లో తన త్రయంతో రికార్డు చేశారు. రెండూ ఒకే రోజు వినండి. మొదటిదాంట్లో బేస్, డ్రమ్స్ సోలోకి దారి వేస్తాయి. రెండోదాంట్లో బేసిస్ట్ స్కాట్ లఫారో పియానోతో ఎదురు మాట్లాడతాడు.

నాకు గాత్రం ఉంటేనే ఎక్కుతుంది.

ఎల్లా ఫిట్జెరాల్డ్. 1960 బెర్లిన్ కచేరీలో “మాక్ ద నైఫ్” మధ్యలో సాహిత్యం మరిచిపోయి, మరిచిపోయిన సంగతినే అప్పటికప్పుడు చరణాలుగా కట్టి పాడేశారు. అర్థం లేని అక్షరాలతో మనోధర్మం పాడటాన్ని స్కాట్ అంటారు, అందులో ఆవిడని మించినవాళ్ళు లేరని మా అభిప్రాయం. బిల్లీ హాలిడే వేరే దారి: స్వరాలు తక్కువ, ప్రతి మాటా దెబ్బ దాటాక కొంచెం ఆలస్యంగా పడుతుంది. తాళం వేస్తూ వింటే ఆ ఆలస్యం చేతికి తెలుస్తుంది.

మన పెళ్ళిళ్ళలో సన్నాయికి బదులు వాయించే సాక్సోఫోనూ ఇదేనా?

వాయిద్యం అదే, ఎక్కువగా ఆల్టో. దాన్ని కర్ణాటక కచేరీకి తెచ్చి నిలబెట్టినవారు కద్రి గోపాల్‌నాథ్, గమకాలు పలికేలా వాయిద్యంలో మార్పులు చేయించుకున్నారు. ఆయన జాజ్ ఆల్టో వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి చేసిన “కిన్స్‌మెన్” 2008లో వచ్చింది. ఒకే వాయిద్యం రెండు సంప్రదాయాల్లో ఎలా పలుకుతుందో అందులో పక్కపక్కనే వినొచ్చు.

శక్తి బృందం వాయించేది జాజేనా?

జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్ కలిసి 1970ల్లో పెట్టిన బృందం అది. జాజ్‌లోని కార్డుల నడక కంటే రాగం, లయలే ఎక్కువ. తర్వాత వచ్చిన “రిమెంబర్ శక్తి” లో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ఉన్నారు. హాయిగా వినండి, కానీ జాజ్‌కి మెట్టుగా దీన్ని వాడుకోలేరు. మనకి తెలిసినదే అందులో ఎక్కువ వినబడుతుంది.

## కచేరీలు, కొనుగోళ్ళు, ఇల్లు

కచేరీలో చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

ఒక్కొక్కరి సోలో ముగియగానే, పాట నడుస్తుండగానే. బేస్ సోలో జరిగేటప్పుడు మాత్రం గుసగుసలు కూడా వద్దు, అది చాలా మెల్లగా ఉంటుంది. సోలో వాద్యకారుడు, డ్రమ్మర్ నాలుగేసి బార్లు పంచుకుని సవాలు జవాబులు నడిపితే, అది అయ్యేదాకా ఆగండి.

లైవ్‌గా ఎక్కడ వినొచ్చు?

కాస్త ప్రయాణానికి సిద్ధపడాలి. హైదరాబాద్‌లో ఫ్రెంచి, జర్మన్ సాంస్కృతిక కేంద్రాలైన అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథే సెంత్రుమ్ అప్పుడప్పుడు యూరప్ బృందాల్ని తెస్తాయి. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్‌లో జాజ్ కోసం పెట్టిన వేదిక ఉంది. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం, ఆ వారంలో నగరాల్లో కార్యక్రమాలు పెరుగుతాయి.

రికార్డ్ ప్లేయర్ కొనాలా?

ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో, పాటల మధ్య ప్రకటనలు రాని చందా ఒకటి కట్టండి. తొమ్మిది నిమిషాల ట్రాక్ అయిపోగానే బీమా ప్రకటన అరిచిందంటే, చెవిలో మిగలాల్సింది మిగలదు.

ఇంట్లో పెడితే “ఆ గోల ఆపరా” అంటున్నారు.

ట్రంపెట్‌తో మొదలయ్యేవి, వేగంగా నడిచేవి హాల్లో పెట్టకండి. 1956 నాటి “ఎల్లా అండ్ లూయీ” పెట్టండి. ఎల్లా ఫిట్జెరాల్డ్ నున్నటి గొంతు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతు, వెనక ఆస్కార్ పీటర్సన్ పియానో, అంతా నెమ్మది పాటలే. సౌండ్ సగానికి తగ్గించి, భోజనాలయ్యాక. ఆ బొంగురు గొంతు ఎవరిదని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు 1928లో అదే మనిషి ట్రంపెట్‌తో ఒంటరిగా మొదలుపెట్టిన “వెస్ట్ ఎండ్ బ్లూస్” వినిపించండి.